మా వీధి టీకాలమ్మ

పోయిన నెల మా తమ్ముడి కూతురి పెళ్ళికి, ఆడవాళ్ళందరినీ ముస్తాబు చెయ్యడానికి విజయవాడ నుంచి ఒక బ్యూటీషియన్ అమ్మాయిని పిలిపించారు. ఈ వయసులో నాకెందుకే అన్నా వినకుండా నన్నూ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ పిల్ల నా గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుగులోకి తిప్పింది. కుడి కనుబొమ్మ పైన ఉన్న గుంట మీద వేలు పెట్టి, "దీన్ని నింపేస్తాను ఆంటీ, ఉన్నట్టే తెలీదు" అంది.

"వద్దమ్మా, దాని జోలికి పోకు" అన్నాను. ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది.

నా మొహాన్ని అలా వెలుగులోకి తిప్పి చూసిన మనిషి అంతకుముందు ఒక్కరే. తిరువూరులో అందరూ ఆవిడని టీకాలమ్మ అనేవాళ్ళు. అసలు పేరేమిటో నేను అడగలేదు. మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

డెబ్బైల మొదటి రోజులవి. మశూచి ఇంకా దేశం వదిలి పోలేదు. గవర్నమెంటు వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి టీకాలు వేసేవాళ్ళు. మా వైపు వీధులకి ఆవిడ వచ్చేది. ఆవిడ వస్తోందంటే వీధి ఆ చివరే ఏడుపులు మొదలయ్యేవి. పిల్లలు మంచాల కిందా గడ్డివాముల వెనకా దూరేవాళ్ళు. అన్నం తినని పిల్లల్ని తల్లులు "టీకాలమ్మకి పట్టిస్తా" అని బెదిరించేవాళ్ళు. ఆ చేతిలో సూది సంగతి అలా ఉంచండి, మాకు అసలు భయం ఆవిడ మొహం.

మొహం నిండా స్ఫోటకం మచ్చలు. బుగ్గల మీద వేలికొన దిగేంత గుంటలు. ముక్కు ఒక పక్క కొరికేసినట్టు ఉండేది. ఎడమ కంట్లో తెల్లటి పువ్వు. దాని మీద పొద్దున్నే దట్టంగా స్నో, ఆ పైన గులాబీ రంగు పౌడరు అద్దుకుని బయలుదేరేది. పదకొండయ్యేసరికి చెమటకి పౌడరు చారలు కట్టి, గుంటల్లో మాత్రం ముద్దలుగా మిగిలేది. అప్పుడు మా వీధి అరుగు మీద కూర్చుని, చేతిసంచిలోంచి మూతలో అద్దం ఉన్న చిన్న గుండ్రటి డబ్బీ తీసి, తీరిగ్గా మళ్ళీ అద్దుకునేది. ఎవరు చూస్తున్నా ఆపేది కాదు. అరుగు చివర గూట్లో ఆవిడ కోసం విడిగా ఒక గ్లాసు ఉండేది. మా అమ్మ అందులో మజ్జిగ పోసి ఇస్తే తాగి, తనే కడిగి, తనే గూట్లో బోర్లించేది. ఆవిడ క్రిస్టియన్ పేటలోంచి వస్తుందని మా నాయనమ్మ పెట్టిన పద్ధతి అది.

ఆవిడ జడ మాత్రం మోకాళ్ళ దాకా ఉండేది. నడక కూడా బాగుండేది. రోడ్డు మీద వెనక నుంచి సైకిల్ తొక్కుతూ వచ్చే కుర్రాళ్ళు బెల్లు కొట్టి, ముందుకి పోయి, వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. చూశాక ఇంక పెడలు ఆగేది కాదు. ఆవిడ మా అరుగెక్కుతూ మా అమ్మతో, "ఇవాళ ముగ్గురు జడుసుకున్నారండీ" అని నవ్వుతూ చెప్పేది. మా అమ్మకి నవ్వాలో లేదో తెలిసేది కాదు.

నా సంగతి చెప్పాలి. మా ఇంట్లో పొలం గురించీ తోట గురించీ మాట్లాడుకున్నట్టే రోజూ నా మొహం గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఆదివారం వస్తే నాయనమ్మ శనగపిండి, మీగడ, పసుపు కలిపి చర్మం మండేదాకా నలుగు పెట్టేది. ఎండలోకి పోనిచ్చేది కాదు. "దీన్ని కళ్ళకద్దుకుని తీసుకుపోతారు" అనేది వచ్చిన వాళ్ళందరితో. నేను చదువులో సామాన్యం. పాట రాదు. పని అంతంత మాత్రం. ఈ మొహం తప్ప నా దగ్గర వేరే ఏమీ లేదని పదమూడో ఏటికే నాకు గట్టిగా తెలిసిపోయింది. అందుకేనేమో, టీకాలమ్మ మొహం చూస్తే మిగతా పిల్లల కన్నా నాకు ఎక్కువ వణుకు పుట్టేది.

ఒకసారి ఆవిడ పౌడరు అద్దుకుంటూ నా వైపు డబ్బీ చాపింది. "కాస్త రాయనా పాపా?" అంది.

నేను గోడకి అంటుకుపోయాను. "అది రాసుకుంటే నాక్కూడా అలాంటివి వస్తాయా?" అనేశాను.

మా అమ్మ లోపల్నుంచి "ఏయ్" అంది. ఆవిడ మాత్రం డబ్బీ మూత నొక్కి, "పౌడరు వల్ల రావమ్మా" అంది. డబ్బీ సంచిలో పెడుతూ, "పౌడరు వల్ల పోవు కూడా" అంది. అని గొడుగు తీసుకుని లేచింది.

నాకు టీకా పడలేదు. ఆవిడ వచ్చిన ప్రతిసారీ నాయనమ్మ నన్ను ధాన్యం కొట్లోకి తోసి గొళ్ళెం పెట్టేది. "బంగారం లాంటి చెయ్యి, బిళ్ళంత మచ్చ పడుతుంది. రేపు జాకెట్టు చేతుల కింద కనపడదా?" అనేది. ఊరికెళ్ళిందనో, స్నానం చేస్తోందనో చెప్పి పంపేసేది.

తర్వాత మా ఆడపిల్లల హైస్కూలుకి జీపులో ఒక పెద్ద ఆఫీసరు టీకాలమ్మ వాళ్ళని వెంటబెట్టుకుని వచ్చాడు. మాలో సగం మంది చేతులు చాపలేదు. అందరిదీ ఒకటే కారణం, మచ్చ. ఆఫీసరు కాసేపు బతిమాలాడు, కాసేపు కేకలేశాడు. చివరికి టీకాలమ్మ వైపు తిరిగి, "నువ్వు మొహం కడుక్కుని రామ్మా. నిన్ను చూపిస్తే వీళ్ళకి వేరే పోస్టరు అక్కర్లేదు" అన్నాడు.

ఆవిడ కదల్లేదు. ఆయన మళ్ళీ చెప్పాడు. అప్పుడు బోరింగు దగ్గరికి వెళ్ళి కడుక్కుని వచ్చి మా ముందు నిలబడింది. ఆయన తన చేతిలో పెన్నుతో ఆవిడ బుగ్గనీ ముక్కునీ కంటినీ చూపిస్తూ, "చేతి మీద మచ్చ కావాలా, ఇది కావాలా?" అని అడిగాడు. ఆవిడ మా తలల మీదుగా ఎక్కడో చూస్తూ నిలబడింది. జాకెట్టు మీదికి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. ఆడపిల్లలు ఏడుస్తూనే చేతులు చాపారు. నేను మాత్రం చిన్నప్పుడు అట్లకాడ తగిలి కాలిన మచ్చ చూపించి "నాకయిందండీ" అన్నాను. నన్ను చూసింది ఆవిడతో వచ్చిన వేరే మనిషి. సరే పొమ్మన్నాడు.

ఆ తర్వాత టీకాలొద్దని మొండికేసిన ఊళ్ళకి ఆవిడ పౌడరు లేకుండానే వెళ్ళేది. తిరిగొచ్చేటప్పుడు మా అరుగు మీద కూర్చుని అద్దుకునేది. మా అమ్మ ఒకసారి, "ఇంకెందుకండీ, సాయంత్రం అయిపోయిందిగా" అంది.

"పొద్దున్నుంచీ సర్కారు మొహం పెట్టుకుని తిరిగానండీ. ఇంటికి నా మొహంతో పోవద్దా?" అంది ఆవిడ.

ఆ వేసవిలో నాకు జ్వరం వచ్చింది. మూడో రోజు పొద్దున ఒంటి మీద ఎర్రటి పొక్కులు లేచాయి. నాయనమ్మ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గుమ్మానికి వేపమండలు గుచ్చారు. నన్ను లోపలి గదిలో నులక మంచం మీద పడుకోబెట్టి కిటికీ మూశారు. గోడ మీద అద్దం తీసేశారు. ఆ గోడ మీద మేకు ఒక్కటే మిగిలింది. నేను రోజంతా దాన్నే చూస్తూ పడుకునేదాన్ని. అది పెద్దమ్మవారో, అంటే మశూచో, ఉత్త ఆటలమ్మో ఎవరూ పైకి అనలేదు. మా నాన్న వసారాలో "నలుగురికీ తెలిస్తే ఈ పిల్లకి ఇంక సంబంధమే రాదు" అన్న మాట నాకు వినపడింది. చచ్చిపోతానేమో అని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. బతికి ఆ మొహంతో లేస్తానేమో అన్నదే నా భయం.

నాలుగో రోజు టీకాలమ్మ గొంతు వీధిలో వినపడింది. "ఇంట్లో ఎవరికైనా జ్వరాలున్నాయా అమ్మగారూ?"

"లేవు. అందరూ బాగున్నారు" అంది నాయనమ్మ.

"గుమ్మానికి వేపమండ గుచ్చి జ్వరం లేదంటారేంటండీ?"

"మా ఇంటి సంగతి నీకెందుకే? మజ్జిగ తాగి పో."

"ఇవాళ మజ్జిగ వద్దండీ" అంది ఆవిడ. తర్వాత చెప్పుల చప్పుడు కాదు, ఒట్టి కాళ్ళ చప్పుడు వినపడింది. మా గుమ్మం దాటి ఆవిడ లోపలికి రావడం అదే మొదలు. నాయనమ్మ అడ్డం నిలబడింది. పక్కకి జరగండి అని ఆవిడ మెల్లిగానే చెప్పింది.

తలుపు తెరుచుకుంది. వెలుగు వెనక నుంచి పడి ముందు ఆకారమే కనిపించింది. తర్వాత ఆ మొహం నా మీదికి వంగింది. ఆ ఊళ్ళో నేను ఎక్కువ భయపడే మొహం అదే. అది రేపటి నా మొహం అనుకున్నాను. కెవ్వున అరిచి దుప్పటి కప్పుకున్నాను.

"అరుచుకో, పరవాలేదు. అరుస్తూనే కాళ్ళు చాపు" అంది. నాలుగు రోజులుగా మా అమ్మ తప్ప ఎవరూ నన్ను ముట్టుకోలేదు. ఆవిడ మంచం మీదే కూర్చుని నా అరికాళ్ళు రెండూ ఒళ్ళో పెట్టుకుని తడిమింది. అరచేతులు చూసింది. వీపు చూసింది, పొట్ట చూసింది. గడ్డం పట్టుకుని మొహం వెలుగు వైపు తిప్పింది. ఎంతసేపు చూసిందో! గుమ్మంలో నాయనమ్మ ఊపిరి నాకు వినపడుతూనే ఉంది.

"ఆటలమ్మలాగే ఉందండీ. పొట్ట మీదా వీపు మీదా ఎక్కువున్నాయి, చేతుల్లోకీ పాదాల్లోకీ రాలేదు. కానీ మూడు రోజులు చూడాలి. అరచేతిలో ఒక్కటి లేచినా జీపుకి కబురు పెడతాను. అప్పుడు నన్ను తిట్టుకున్నా సరే."

ఆ మూడు రోజులూ నేను నా అరచేతులు తప్ప వేరే ఏమీ చూడలేదు. చీకట్లో కనపడకపోతే వేలితో తడుముకునేదాన్ని. ఆవిడ రోజూ వచ్చేది. నా గోళ్ళు మొదలంటా కత్తిరించింది. "గోకావంటే ఇదిగో, ఇదే" అని తన బుగ్గ చూపించేది.

రెండో రోజు మధ్యాహ్నం కుడి అరచేతిలో, బొటనవేలి మొదట్లో, ఎర్రగా ఒకటి కనపడింది. నాకు కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. అమ్మకి చెప్పలేదు. పిడికిలి బిగించి పడుకున్నాను. ఆవిడ వచ్చి పాదాలు చూసింది, ఎడమ చెయ్యి చూసింది.

"అదీ విప్పు."

నేను విప్పలేదు. గుప్పిటని పొట్ట కింద పెట్టుకుని బోర్లా తిరిగాను. ఆవిడ బలవంతం చెయ్యలేదు. మంచం అంచున కూర్చుంది.

"నాకు తొమ్మిదో ఏట వచ్చింది" అంది. "నాకూ మా తమ్ముడికీ ఒకేసారి. మా అమ్మ ఇలాగే తలుపు వేసి కూర్చుంది. ఎవరైనా అడిగితే పిల్లలు అమ్మమ్మగారింటికి వెళ్ళారని చెప్పేది. మేం నోరెత్తకుండా పడుకునేవాళ్ళం. వాడు ఆరో రోజు పోయాడు. ఏడుపు బయటికి వినపడకుండా మా అమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుంది. దాచిపెడితే తగ్గదమ్మా. చూడనీ."

వేళ్ళు ఒక్కొక్కటే తను విప్పింది. గది చీకటిగా ఉంది. సంచిలోంచి పౌడరు డబ్బీ తీసి, మూత తెరిచి, గుమ్మంలోంచి వస్తున్న ఎండని అద్దంతో నా అరచేతిలోకి మళ్ళించింది. వంగి చూసింది. బొటనవేలితో నొక్కింది. మళ్ళీ చూసింది.

"దోమ కుట్టింది" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడుపు ఆగలేదు. ఆవిడా కళ్ళు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడంలో ఒక పక్క పౌడరంతా పోయింది.

నీళ్ళు పోసిన రోజున మా అమ్మ అద్దం తెచ్చి మళ్ళీ మేకుకి తగిలించింది. నేను ఆ గదిలోకి పోనన్నాను. నిద్రలో ఎప్పుడో కనుబొమ్మ పైన ఒక పొక్కు గోక్కున్నాను. అక్కడ వేలికి గుంట తగులుతోంది. ఆవిడ వచ్చి సంగతి విని, నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి ఎదురుగా కూర్చుంది. చెంబులో నీళ్ళతో మొహం కడుక్కుని కొంగుతో శుభ్రంగా తుడుచుకుంది.

"ముందు నన్ను చూడు" అంది. "ఎంతసేపు భయపడాలనుంటే అంతసేపు భయపడు. భయం అయిపోయాక నిన్ను చూసుకో."

అన్నేళ్ళుగా చూసిన మొహమే. కళ్ళు తిప్పుకోకుండా చూసింది మాత్రం అప్పుడే. మొదట గుంటలు తప్ప ఏమీ కనపడలేదు. కానీ ఆవిడ కదలకుండా అలాగే కూర్చుంది. కాసేపటికి ఆ గుంటల మధ్య ఒక పెద్ద నోరు, నవ్వు ఆపుకునేటప్పుడు ఒక పక్కకి వంగే పెదవి కనపడ్డాయి. కుడికన్ను చాలా అందంగా ఉంది. వయసు ముప్పై కూడా ఉండదు. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలీదు.

తర్వాత డబ్బీ నా చేతిలో పెట్టింది. చూసుకున్నాను. మొహం నిండా నల్లటి చుక్కలు, ఒక గుంట. ఏడ్చాను. ఆవిడ ఊరుకోబెట్టలేదు. ఏడుపు తగ్గాక, "రాయనా?" అంది. తల ఊపాను. మునివేళ్ళతో మెత్తగా అద్దింది. నలుగు పెట్టినన్నాళ్ళూ ఎవరూ నన్నంత మెల్లిగా ముట్టుకోలేదు. కొన్నాళ్ళ తర్వాత నాకు టీకా కూడా ఆవిడే వేసింది. నాయనమ్మ ఎదురుగా కూర్చుని అటు తిరిగిందే కానీ ఆపలేదు.

రెండేళ్ళు గడిచాయి. నల్లటి చుక్కలు పోయాయి, గుంట ఉండిపోయింది. పెనుగొలను వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. చూడ్డానికి వస్తున్నారన్న రోజు పొద్దున్నుంచీ నాయనమ్మ నా మొహం వదల్లేదు. గుంటలో పౌడరు నొక్కి నొక్కి నింపింది. ముంగురులు దాని మీదికి లాగింది. "ఆటలమ్మ మాట ఎవరూ ఎత్తొద్దు. మనింట్లో అమ్మవారు పోయలేదు, అంతే" అని అందరికీ చెప్పింది. నాకు చెమట పడుతోంది. చెమటకి పౌడరు కరిగితే ఎలాగా అని ఇంకా చెమట పట్టింది.

వాళ్ళు వచ్చి ముందుగదిలో కూర్చున్నారు. అబ్బాయి, వాళ్ళమ్మగారు, మేనమామ. నేను తల వంచుకుని చాప మీద కూర్చున్నాను. అబ్బాయి తల్లి నా మొహం వైపు చూస్తున్నట్టు నాకు తెలుస్తోంది. ఏం చదివావు, ఏం వండుతావు అని అడుగుతోంది. సరిగ్గా అప్పుడు వీధి గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడయింది.

టీకాలమ్మ. ఆ మధ్య మా అమ్మతో చనువు పెరిగి సరాసరి గుమ్మం దాకా వచ్చేది. పౌడరు లేదు, పొద్దున ఏ మొండి ఊరికో వెళ్ళినట్టుంది. పట్టుచీరలో నన్ను చూడగానే ఆ మొహమంతా విచ్చుకుంది. ఒక కాలు గడప లోపల పెట్టింది.

అబ్బాయి తల్లి ఉలిక్కిపడింది. "ఎవరండీ ఈవిడ? ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోసిందా ఏంటి?"

"అబ్బే, లేదండీ. ఎవరో దారిన పోయేవాళ్ళు" అంది నాయనమ్మ. మా అమ్మ నేల చూసింది. మా నాన్న గొంతు సవరించుకున్నాడు.

అబ్బాయి తల్లి నమ్మలేదు. నా వైపు తిరిగింది. "నీకు తెలుసా అమ్మాయ్?"

అందరూ నన్నే చూస్తున్నారు. గుమ్మంలోంచి టీకాలమ్మ కూడా. జ్వరంలో అరచెయ్యి మూసుకుని పడుకున్నప్పటి చలి మళ్ళీ వచ్చింది. తెలుసు అంటే ఎలా తెలుసు అంటారు. ఎలా తెలుసో చెబితే గుంట సంగతి చెప్పాలి.

"తెలీదండీ" అన్నాను.

టీకాలమ్మ గడప లోపల పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది. నా వైపు చూడలేదు. అబ్బాయి తల్లికి నమస్కారం పెట్టి, "పొరపాటండీ, ఇల్లు తప్పాను. ఏమీ అనుకోకండి" అంది. చెప్పులేసుకుని, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ ఇల్లు తప్పే మనిషి కాదు. టీకాల లెక్క కోసం మా వీధిలో ప్రతి గుమ్మం పక్కనా సుద్దతో అంకె వేసింది ఆవిడే. అప్పుడు ఆవిడ భుజం ఆనిన చోటే మా అంకె ఉంది.

సంబంధం ఖాయమయింది. ఆవిడ మళ్ళీ మా అరుగెక్కలేదు. పెళ్ళయి మొదటిసారి పుట్టింటికి వచ్చినప్పుడు ధైర్యం తెచ్చుకుని ఆస్పత్రికి వెళ్ళాను. బదిలీ అయి చాలా రోజులయిందన్నారు. ఏ ఊరికో అక్కడున్న వాళ్ళకి తెలీదు.

ఏడెనిమిదేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం నేనూ మా అత్తగారూ వసారాలో చింతపండు పిక్కలు తీస్తున్నాం. పెళ్ళిచూపుల మాట తనే ఎత్తింది. అప్పటికి అత్తగారంటే నాకు భయం పోయింది. "అత్తయ్యా, ఆ రోజు గుమ్మంలోకి ఒకావిడ వచ్చింది, గుర్తుందా? ఆవిడ నాకు తెలుసు" అన్నాను. జ్వరం నుంచి అద్దం దాకా అంతా చెప్పాను. చెప్పినంతసేపూ ఆవిడ పిక్కలు తీస్తూనే ఉంది. అయిపోయాక తలెత్తి ఆశ్చర్యంగా చూసింది.

"నేనేదో నోటికొచ్చింది అడిగానే. మరి అంత చేసిన మనిషిని లోపలికి పిలవకపోయావా?" అంది.